నీళ్ళడుగున టాంకు తోలినవాడు

నాకు కూర్చోవడం చేతకాదు. అన్నం కూడా గడప దగ్గర నిలబడి తింటానని నా భార్య ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. "ఈ మనిషి కాళ్ళ కింద ఇంజను ఉండాది. దాన్ని ఆపే తాళంచెవి మిలిటరీలోనే వదిలిపెట్టి వచ్చినాడు" అని నవ్వుతుంది. వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

సైన్యంలో నేను యుద్ధ టాంకు డ్రైవర్ని. రష్యావాళ్ళు గీసిన నమూనా, మన దేశంలో బిగించిన బండి, పేరు టీ-సెవెంటీ టూ. శింగనమలకు పోయే దారిలో ఉన్న మా ఊళ్ళో చిన్నప్పుడు నన్ను పొట్టోడా అని పిలవని మనిషి లేడు. సైన్యంలో చేరాక తెలిసింది, ఆ టాంకు చేసినవాళ్ళకు కావలసింది పొట్టివాళ్ళేనని. బండి ఎత్తు తగ్గితే శత్రువుకు కనబడేది తక్కువ, తగిలేది తక్కువ అని వాళ్ళ లెక్క. అందుకని మనుషుల చోటు కోసేశారు. ఫిరంగిలోకి గుండు ఎక్కించే నాలుగో మనిషినే తీసిపారేసి, కాళ్ళ కింద తిరిగే చట్రం ఒకటి పెట్టారు. గుండ్లూ మందూ అందులో పేర్చి ఉంటాయి. మీట నొక్కితే చట్రం తిరుగుతుంది, ఒక ఇనుప చెయ్యి వాటిని ఎత్తి ఫిరంగిలోకి తోస్తుంది. పైన ఇద్దరు, ముందు గుంతలో నేనొక్కణ్ణి. సగం పడుకున్నట్టు కూర్చుని, స్టీరింగుకు బదులు రెండు మీటలు పట్టుకుని తోలాలి. ఆరడుగుల వాళ్ళు మోకాళ్ళు గీరుకుంటూ ఆ గుంతలోకి దిగుతుంటే, నేను కప్ప బావిలోకి దూకినట్టు దూకేవాణ్ణి. పొట్టిగా కన్నందుకు మా నాయనకు మొదటిసారి దండం పెట్టుకున్నది అప్పుడే.

కొన్ని స్విచ్చుల పక్కన రష్యా అక్షరాలే ఉండేవి. మేం వాటిని చదివింది లేదు, బొమ్మల్లా గుర్తుపెట్టుకున్నాం. వాకిలి చట్రంలాంటిది ఒకటి, కాళ్ళు చాపిన పురుగులాంటిది ఒకటి. ఆ భాషలో ఇప్పటికీ నాకు ఒక్క మాట రాదు. ఆ పురుగు ఏ స్విచ్చు పక్కన ఉండేదో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

రిటైరై ఊరికి వచ్చాక చీనీ చెట్లు, అంటే బత్తాయి, పెట్టాను. బోరు ఎండితే చెట్లూ ఎండాయి. ఎండాకాలం వస్తే పంచాయతీకి నీళ్ళ ట్యాంకరు తోలుతాను. దానికీ ఊరివాళ్ళు ఊరుకోరు. "ఆడ టాంకు తోలినాడు, ఈడ ట్యాంకరు తోలుతాండాడు, ఏమప్పా మిలిటరీ, ప్రమోషనా?" అని అరుగు మీద నుంచి కేకలేస్తారు. నేనూ నాలుగు తగిలిస్తాను. బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు నవ్వుతారు. ట్యాంకరు ఖాళీ అయ్యాక మళ్ళీ కాళ్ళు ఒకచోట నిలబడవు.

ఈ మధ్య ఫోను ఒకటి చేతికి అంటుకుంది. రష్యావాళ్ళు పక్క దేశంతో యుద్ధానికి దిగినప్పటి నుంచి అందులో ఎటు చూసినా మా బండే. బురదలో కూరుకుపోయిన మా బండి, పైన ఇనుప జాలీల పందిరి వేసుకున్న మా బండి. పిల్లలు ఎగరేసే బొమ్మలాంటి డ్రోను ఒకటి చిన్న బాంబు మోసుకుని వచ్చి మూత మీద వాలితే చాలు, కాళ్ళ కిందున్న ఆ చట్రంలోని మందంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. ఫిరంగితో సహా పైభాగం గాల్లోకి లేచి ఎక్కడో పడుతుంది. గుండు మీదికి అడ్డంగా వస్తుందని ముందు వైపు అంత మందం ఇనుము పెట్టినవాళ్ళు, నెత్తిన ఇట్లాంటిది వాలుతుందని కలగన్నారా? చూడొద్దనుకుంటాను, మళ్ళీ చూస్తాను. అందులో ఎవరి సీటు కాలినా అది నా సీటే అనిపిస్తుంది. ఛాతీలో ఏదో పరిగెడుతుంది. లేచి వాకిట్లో అటూ ఇటూ తిరుగుతాను.

"ఎవరో యాడనో కొట్టుకుంటా ఉంటే నీకేమప్పా ఈ తిప్పలు?" అంటుంది నా భార్య.

"నేను కూసున్న బండి అది."

"ఆ బండి దిగినావు కదా. ఇంగ ఇంట్లో కూసో."

అదే చేతకానిదని ఆమెకూ తెలుసు.

నా దగ్గర ఒక్క కథ ఉంది. పెళ్ళిళ్ళకు పోయినా, దినాలకు పోయినా, నలుగురు చేరితే నా నోటి నుంచి అదే వస్తుంది. ఆ టాంకు నీళ్ళ అడుగున నడుస్తుంది. ఎవరూ నమ్మరు. వంతెన పేల్చేసిన చోట కూడా ఆగకూడదని రష్యావాళ్ళు ఆ ఏర్పాటు చేసుకున్నారు. వాళ్ళ దేశం నిండా నదులు. మా ఊళ్ళో పుట్టి ఉంటే వాళ్ళకు ఆ ఆలోచనే వచ్చేది కాదు.

నీళ్ళలోకి దిగే ముందు టాంకుకు ఉన్న ప్రతి సందుకూ మైనం లాంటి ముద్ద పూస్తాం. పైన మూతకు ఇంత పొడుగు గొట్టం నిలబెడతాం. ఆ గొట్టంలోంచే గాలి లోపలికి వచ్చి, మేం కూర్చున్న చోటు మీదుగా ఇంజనుకు పోతుంది. ఇంజనూ మేమూ ఒకే గొట్టంతో ఊపిరి పీల్చుకుంటామన్నమాట. ఇంజను పీలుస్తుంటే చెవుల పక్క నుంచి ఈదర గాలి ఉయ్యిమని పోతుంది. పొగ గొట్టానికి ఒక రెప్ప బిగిస్తాం. పొగ తోసినంతసేపూ అది తెరుచుకుని ఉంటుంది, ఇంజను ఆగిందా, నీళ్ళు లోపలికి రాకుండా మూసుకుంటుంది. అడుగున డ్రైవరుకు మట్టినీళ్ళు తప్ప ఏమీ కనబడవు. చుట్టూ ఇనుమే కాబట్టి మామూలు దిక్సూచి పనిచెయ్యదు. అందుకని కళ్ళెదుట ఒక పెట్టె పెట్టారు. దానిలో బొంగరం లాంటిది గిర్రున తిరుగుతూ ఉంటుంది. బండి ఎటు తిరిగినా ఆ బొంగరం మాత్రం మొదట పట్టుకున్న దిక్కును వదలదు. దాని ముల్లు చూసుకుంటూ తోలడమే. మొదటి గేరు. గేరు మార్చకూడదు, ఆగకూడదు, ఇంజను అసలు ఆగకూడదు. నలభై టన్నుల ఇనుము అయినా సరే, సందులన్నీ మూసి నీళ్ళలో దించితే తేలికైపోతుంది. పట్టాలకు నేల సరిగ్గా అందదు. కాస్త జంకామా, ప్రవాహం పక్కకు తోస్తుంది.

అసలు కాలువలోకి దించే ముందు తొట్టిలో కూర్చోబెట్టారు. పెద్ద సిమెంటు తొట్టి, దాని అడుగున పాత టాంకు పెంకు. మమ్మల్ని ముగ్గుర్నీ లోపల పెట్టి మూతలు బిగించారు. ముఖానికి రబ్బరు ముసుగు, మెడకు తగిలించిన డబ్బా. డబ్బాలో గాలి ఉండదు, పసుపురంగు మందు ఉంటుంది. మనం వదిలే ఊపిరిలోని తడి తగిలితే ఆ మందులోంచి పీల్చుకునే గాలి పుడుతుంది. ఇవన్నీ పాఠంలో విన్నప్పుడు బాగానే ఉన్నాయి. తొట్టిలోకి నీళ్ళు వదిలి, అవి పెంకును ముంచేశాక, ఇప్పుడు ఇంజను ఆగిపోయింది అనుకోండి, బయటికి రండి అన్నారు. నేను రెండు చేతులతో మూతను తోశాను. భుజం పెట్టి తోశాను. కదిలితే ఒట్టు. పైన అంత నీళ్ళ బరువుంటే ఏ మగాడు తోస్తే తెరుచుకుంటుంది?

మాకు నేర్పించే ఆయనను ఉస్తాదు అనేవాళ్ళం. ఆయన ముందే హిందీలో చెప్పిన మాట ఒకటుంది. తెలుగులో చెప్పుకుంటే ఇది: నీళ్ళతో కొట్లాడొద్దు. లోపలికి రానీ. మోకాళ్ళ దాకా రానీ, గొంతు దాకా రానీ. లోపల, బయట ఒకటైనాక తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.

ప్రాణం దక్కాలంటే నీళ్ళను మనమే లోపలికి పిలవాలట! బిందెడు నీళ్ళ కోసం కొట్టుకునే ఊళ్ళో పుట్టినవాణ్ణి, అన్ని నీళ్ళు మీదికి రావడం ఆ రోజే చూశాను. నీళ్ళను పెంకు లోపలికి వదిలే మీట తిప్పింది నేను కాదు, నా వెనకున్న వాడు. గొంతు దాకా వచ్చినప్పుడు నాకు అమ్మ గుర్తొచ్చింది. తర్వాత మూత మెత్తగా, పాలమీద మీగడ తీసినట్టు లేచింది.

ఈ కథ మధ్యలో నేను "అప్పుడు మా ఉస్తాదు ఏమన్నాడంటే..." అనగానే నా భార్య వంటింట్లోంచి అందుకునేది. "గొంతు దాకా రానీ, అంతే కదా! ఈడ పప్పు మాడతాంది, దాని సంగతి సూడు ముందు." అందరూ గొల్లుమనేవాళ్ళు. నాకు అవమానంగా ఉండేది. ఒకసారి కోపమొచ్చి కథ మధ్యలో ఆపేసి వెళ్ళిపోయాను కూడా.

కాలువ మాత్రం నేనే దాటించాను. ఉత్తరాదిన పెద్ద కాలువ, నిండుగా పారుతోంది. నీళ్ళు నా గాజు ముందు ఎర్రగా లేచాయి, తర్వాత గోధుమరంగు, తర్వాత చీకటి. ముల్లు, నా చేతుల్లో రెండు మీటలు, చెవిలో గట్టు మీది నుంచి కమాండరు గొంతు. సగం దూరంలో ఇంజను గొంతు మారింది. తోలేవాడికి తప్ప ఇంకెవరికీ తెలియని మార్పది. నా అరికాలు రేసు పెడలు మీద రాయిలా నిలబడింది. నువ్వు ఆగొద్దు తల్లీ అని తెలుగులో అన్నాను. అది ఆగలేదు. అవతలి గట్టు ఎక్కి మూత తీసి ఎండను చూసినప్పుడు కలిగిన సంతోషం నాకు కొడుకు పుట్టినప్పుడు కూడా కలగలేదు. ఈ మాట నా భార్య ముందు ఎప్పుడూ అనలేదు.

కిందటి వానాకాలంలో మా వైపు వాన పడింది. పడింది అంటే మామూలుగా కాదు, పట్టుకుంది. చెరువుల్లోకి నీళ్ళు దిగాయి. ఒకరోజు ఉదయం పాలు పోయడానికి వచ్చినామె వాకిట్లో నుంచే అరిచింది, "శింగనమల చెరువు మరవ పారుతాందంట!"

మరవ పారడమంటే చెరువు నిండి, అలుగు మీది నుంచి నీళ్ళు పొర్లడం. మా వైపు అది పండగ కన్నా ఎక్కువ. ఎన్నేళ్ళకో ఒకసారి జరుగుతుంది. జనం ట్రాక్టర్లు ఎక్కి, ఆటోలు ఎక్కి పోతారు. పసుపు కుంకుమ చల్లుతారు, టెంకాయలు కొడతారు, గంగమ్మకు చీర సమర్పిస్తారు. ముసలివాళ్ళు మునిమనవళ్ళను ఎత్తుకుని వచ్చి చూపిస్తారు. నీళ్ళు మాకు ఇంటికొచ్చిన చుట్టం. చుట్టాన్ని చూసి ఎవరు భయపడతారు? రోడ్డుకు అడ్డంగా వంక పారుతుంటే మా వాళ్ళు ఆగరు. పంచెలు ఎగ్గట్టి నవ్వుతూ దిగుతారు, మోటారు సైకిలును అందులోనే ఆపి కడుక్కుంటారు. ఇన్నాళ్ళకు వచ్చిన నీళ్ళు మమ్మల్నేం చేస్తాయిలే అని వాళ్ళ ధైర్యం. నీటిని ఎరిగిన ఊళ్ళల్లో ఎవరూ ఈ పని చెయ్యరు.

అందుకే వాన మొదలైనప్పటి నుంచి నా ప్రాణం కుదురుగా లేదు. గొడుగు పట్టుకుని ఊరి పక్క వంక దగ్గర నిలబడి వచ్చేపోయే బండ్లను తిట్టాను. "నలభై టన్నుల టాంకే నీళ్ళలో తేలికైపోతాది, నీ బండి ఎంతరా?" అంటే, "మిలిటరీ మామకు టాంకు పూనింది" అని నవ్వుకుంటూ దాటిపోయారు.

నా భార్యకు మొక్కు ఉంది. మరవ పారితే గంగమ్మకు చీర పెడతానని ఎప్పుడో మొక్కుకుంది. ఎందుకు మొక్కుకున్నావంటే చెప్పదు. ఆ రోజు కొత్త చీర మడిచి సంచిలో పెట్టుకుని, తమ్ముణ్ణి పిలిచింది. నా బావమరిదికి కదిరిలో విత్తనాల అంగడి. పాత కారు ఒకటి కొన్నాడు, దాన్ని చూపించడానికి ఎవరు పిలిచినా వస్తాడు.

"వాన ఇంకా పట్టే ఉండాది. రేపు పోదాం" అన్నాను.

"రేపటికి నీళ్ళు ఆగితే? మొక్కు నువ్వు తీరుస్తావా? రాకుంటే ఇంట్లోనే ఉండు, వాకిట్లో తిరుక్కుంటా" అంది.

వెళ్ళాను. ఆమెను ఒంటరిగా పంపి ఇంట్లో ఉండడం నావల్ల అయ్యే పని కాదు.

మరవ దగ్గర జాతర. తెల్లగా నురగలు కక్కుతూ రాళ్ళ మీది నుంచి నీళ్ళు దుముకుతున్నాయి. బురఖాలు వేసుకున్న ఆడవాళ్ళు, మెడలో శిలువ వేసుకున్న పెద్దాయన, బొరుగులు అమ్మేవాడు, అందరూ ఒక్కచోటే నిలబడి ఆ చప్పుడే వింటున్నారు. నా భార్య మోకాళ్ళ లోతు దాకా దిగి, చీరను రెండు చేతులతో విప్పి నీళ్ళ మీద పరిచింది. అది కాసేపు ఉబ్బి, తిరిగి, ఎర్రగా పారిపోయింది. ఆమె ఏడుస్తోంది. మా బావమరిది ఫోటోలు తీశాడు. నేనూ కాళ్ళు తడుపుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపు నా ఛాతీలో పరుగు ఆగింది.

తిరిగి వచ్చేటప్పుడు మధ్యాహ్నం దాటింది. పొద్దున దాటిన వంకే, ఇప్పుడు రోడ్డు మీద వెడల్పుగా, రంగు మారి పారుతోంది. మాకు ముందు తాడిపత్రి బండలు మోసుకుపోతున్న లారీ నెమ్మదిగా దిగి అవతలికి ఎక్కి ఆగింది.

"నిలుపు" అన్నాను.

"లారీ పోయె కదా బావా. మోకాటి లోతు కూడా లేదు."

"లారీలో బండలుండాయిరా! నీ కార్లో మనం ముగ్గురమే."

"ఇన్నేండ్లకు వచ్చిన నీళ్ళు బావా, మనల్నేం చేస్తాయి?" అని నవ్వి గేరు వేశాడు. నా భార్య తడిచీరతో వణుకుతోంది. "పోనీరా, ఇంటికి చేరితే చాలు" అంది. నేను తలుపు తెరిచి దిగబోయేలోగా కారు నీళ్ళలో ఉంది.

సగం దాకా బాగానే పోయింది. తర్వాత వెనక చక్రాలు పక్కకు జరగడం నా నడుముకు తెలిసింది. బండి నేలను వదిలింది. అదే తేలికదనం, కాలువలో పట్టాల కింద తెలిసినదే. మా బావమరిది జడుసుకుని బ్రేకు తొక్కాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది. కారు పక్కకు తిరిగి, రోడ్డు దిగి, పల్లంలో ఉన్న తుమ్మచెట్టుకు ముందు భాగం తగిలి నిలిచింది. నీళ్ళు తలుపుల సగం దాకా వచ్చాయి. కాళ్ళ కింద చల్లగా మొదలైంది.

అప్పుడు నేను చేసింది చెబుతాను. ముందు సీటు పట్టుకుని వంగి, వాడి చెవిలో అరవడం మొదలుపెట్టాను. "స్టార్ట్ కరో! రేస్ దో! బంద్ మత్ కరో!" హిందీ ముక్క రాని వాడికి హిందీలో. వాడు తాళంచెవి తిప్పుతున్నాడు, లోపల కిర్రుమంటోంది, నేను ఇంకా అరుస్తున్నాను. పొగ గొట్టంలో నీళ్ళు నిండిన ఇంజను ఎట్లా కదులుతుందని నా బుర్రకు తట్టలేదు. ఆ కారుకు రెప్ప లేదు, గొట్టం లేదు, బొంగరం లేదు. అయినా నా కుడికాలు వెనక సీట్లో లేని రేసును తొక్కుతూనే ఉంది. ఇంజను ఆగకూడదు, ఇంజను ఆగకూడదు. నాకు ఇంకేమీ కనబడలేదు.

నీళ్ళు అద్దం అంచుకు ఎక్కుతున్నాయి. బావమరిది తన వైపు తలుపును భుజంతో గుద్దుతున్నాడు. అది కదలడం లేదు. ముందు అద్దాలు కరెంటువి, అవీ పనిచెయ్యడం లేదు. నా పక్కన ఏదో కిర్రు కిర్రుమంది. వెనక తలుపులకు ఆ పాత కార్లో ఇంకా చేత్తో తిప్పే పిడి ఉంది. నా భార్య తన వైపు అద్దాన్ని దించుతోంది.

"ఏం చేస్తాండావే!" అని చెయ్యి పట్టుకున్నాను.

"వదులు."

"నీళ్ళొస్తాయి!"

"రానీ." ఆమె నా చెయ్యి విదిలించుకుంది. నీళ్ళు దబ్బున ఒళ్ళోకి దూకాయి, ఆ జోరుకు ఎదురుగా అద్దంలోంచి మనిషి బయటపడే దారి లేదు. ముందు నుంచి తమ్ముడు కేక పెట్టాడు. ఆమె వాడి జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది. "తలుపును గుద్దొద్దు అబ్బీ. నీళ్ళతో కొట్లాడొద్దు. గొంతు దాకా రానీ. ఒకటైనాక అదే తెరుచుకుంటాది. ఊపిరి పట్టి కూసో."

ఉప్పు వేశావా అని అడిగినంత మామూలుగా చెప్పింది. నడుము దాకా వచ్చాయి. ఛాతీ దాకా వచ్చాయి. ఆమె ఒక చేత్తో తమ్ముడి చొక్కా పట్టుకుంది, ఇంకో చెయ్యి తలుపు గొళ్ళెం మీద ఉంది. కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతోంది. తర్వాత గొళ్ళెం లాగి, అరచేత్తో తోసింది. ఆ తలుపు నీళ్ళు పారిపోయే వైపుకు ఉంది. మెత్తగా తెరుచుకుంది.

ముగ్గురం ఒకరినొకరు పట్టుకుని తుమ్మచెట్టును కరుచుకున్నాం. ముళ్ళు చేతుల్లో దిగాయి, దిగినట్టు కూడా తెలియలేదు. అవతల ఆగిన లారీవాళ్ళు బండలు కట్టే మోకు విసిరారు. ఇద్దరు నడుముకు కట్టుకుని మా దాకా వచ్చారు. గట్టు మీద పడ్డాక మా బావమరిది చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వంక కారును తెల్లారేదాకా అక్కడే ఉంచుకుంది.

మరుసటి రోజు నుంచి ఇల్లంతా జనం. ప్రతివాడూ నన్నే అడుగుతాడు. "మిలిటరీలో నేర్చుకొన్నది అక్కరకొచ్చె చూడన్నా! నువ్వు లేకుంటే వాళ్ళిద్దరి గతి ఏమవునో?" నేను కాదప్పా, ఆమె అంటే, వినయమనుకుని వీపు తడతారు. నా భార్య వంటింట్లోంచి ఏమీ అనదు. ఎప్పుడూ అడ్డం పడే మనిషి ఒక్క మాట అనదు. అది నన్ను ఇంకా కోసింది. ఫోను తీశాను. మా బండే, మంచులో, మూత తెరుచుకుని. పక్కన పడేశాను.

సాయంత్రం జనం పోయాక ఆమె మంచం మీద కూర్చుని, అరచేతిలో విరిగిన తుమ్మముల్లును సూదితో తీసుకుంటోంది. నేను ఎదురుగా తిరుగుతున్నాను.

"నాకు గుర్తు రాలే" అన్నాను. "ఇన్నేండ్లు అందరికీ చెప్పినాను కదా. నాకే గుర్తు రాలే. నీకెట్ల వచ్చింది?"

"నువ్వు డ్రైవరువి. నీకు ఇంజనే కావాల." ఆమె తల ఎత్తలేదు. "గుర్తుకు రావడమేంది? ఆ కత మొదటిసారి చెప్పి, లీవు అయిపోయిందని రైలెక్కి పోతివి. నా సంకలో బిడ్డ. ఆ పొద్దు నుంచి నువ్వు యాడ మునిగిపోయినావో అని ఒకటే గుబులు. రొట్టె తడతా ఉన్నా, గుడ్డలు ఉతుకుతా ఉన్నా, నీ బదులు నేనే పోయి ఆ తొట్టిలో కూసుంటాంటి. మోకాళ్ళకొచ్చె, రొమ్ముకొచ్చె, గొంతుకొచ్చె. ఇంగ తెరుచుకొనె. బయటికొచ్చినాడు. అట్ల అనుకొంటేనే నాకు నిద్ర పట్టేది. నువ్వు రిటైరై వచ్చేదాకా దినామూ అదే పని. ఆ మొక్కు ఏందనుకొంటివి మరి? నీళ్ళు నిన్ను నాకు తిరిగిచ్చినాయని."

నేను మంచం కోడు దగ్గర ఆగాను.

"మరి నేను చెప్పేటప్పుడల్లా ఎగతాళి చేస్తాంటివి కదే?"

"నువ్వు బతికొచ్చి నా ఎదురుగ్గా నిలబడి చెప్తాంటివి." సూది పక్కన పెట్టి అప్పుడు నన్ను చూసింది. "నవ్వక ఏడ్సల్లనా?"

ముల్లు ఇంకా సగం ఆమె చేతిలోనే ఉంది. సూది తీసుకుని, ఆమె పక్కన మంచం మీద కూర్చున్నాను.